నూకమ్మ చెప్పిన దీపావళి

గుల్లపేట రేవులో జెట్టీ దగ్గర ఒక బోర్డు ఉంది. పని పేరు, మంజూరైన సంవత్సరం, పూర్తి చేయవలసిన తేదీ అందులో రాసి ఉంటాయి. ఆ చివరి గడిలో రంగు మందం మిగతా బోర్డు కంటే ఎక్కువ. మొదట ఫిబ్రవరి అని రాశారు. దాని మీద తెల్లరంగు పూసి జూలై అన్నారు. మళ్లీ పూసి అక్టోబరు అన్నారు. ఊళ్లో ఆ బోర్డు ఎవరూ చదవరు, చదువు రాక కాదు. తేదీ కావలసినవాళ్లు నూకమ్మను అడిగేవారు.

నూకమ్మకు నలభై ఆరేళ్లు. జెట్టీ మీద నీళ్లు కొట్టడం ఆమె పని. కాంక్రీటు పోసిన మర్నాటి నుంచి పద్నాలుగు రోజులు దాని మీద గోనెసంచులు పరిచి, అవి ఆరకుండా రోజుకు మూడుసార్లు తడపాలి. ఆరితే పగుళ్లిస్తుంది. సముద్రం పక్కనే ఉన్నా ఆ నీళ్లు పనికిరావు, లోపలి ఇనుమును ఉప్పు తినేస్తుంది. ట్యాంకరు నీళ్లే కొట్టాలి. కొత్త కూలీ ఎవడైనా బద్ధకించి బకెట్టుతో సముద్రపు నీళ్లు తెచ్చాడా, వాడి వంశమంతా నూకమ్మ నోట్లో పడి లేస్తుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పని. టెక్కలిలో బడి, మందసలో నీళ్ల ట్యాంకు, కోటబొమ్మాళిలో సంత షెడ్లు, పలాసలో రెండు జీడిపప్పు గోదాములు ఆమె తడిపినవే. అంతకుముందు ఎండుచేపల గంప మోసేది. టెక్కలి బడి కడుతున్నప్పుడు కూలీల షెడ్డుకి చేపలు అమ్మబోతే, నీళ్లు కొట్టే మనిషి రాలేదని మేస్త్రీ ఆమె చేతికి గొట్టం ఇచ్చాడు. తిరిగి గంప ఎత్తుకోలేదు. భర్త పైడయ్య కిడ్నీలు పోయి చనిపోయాడు. ఉద్దానంలో ఆ మాట చెబితే ఎవరూ ఎలాగని అడగరు, ఏ ఏడాదని అడుగుతారు.

తేదీల సంగతికి వస్తాను. నూకమ్మ ఏ పనికి వెళ్లినా తన నీళ్ల డ్రమ్ము పిడికి ఒక వలదారం కట్టుకుంటుంది. కాంక్రీటు పడని రోజున ఆ దారానికి ఒక ముడి వేస్తుంది. వాన పడిందా, ఇసుక రాలేదా, మిక్సరు చెడిపోయిందా, ఆఫీసరు వస్తున్నాడని ఊడ్చుకుంటూ కూర్చున్నారా, ఇవేవీ ఆమెకు అక్కరలేదు. అన్నిటికీ ఒకటే ముడి. కారణం అడగడం మొదలుపెడితే ప్రతి ఆటంకమూ ఈ ఒక్కసారికే వచ్చిన కష్టంలా కనిపిస్తుంది. ముళ్లు లెక్కపెడితే ప్రతి నెలా అన్నే ఉంటాయి. మొదటి రెండు నెలల ముళ్లు చూసి మిగతా పనికి తేదీ కట్టేది. మందస ట్యాంకు వినాయకచవితికి అంది. చవితి వెళ్లిన నాలుగో రోజున అయింది. సంత షెడ్లకు వారం తేడా వచ్చింది. శ్రమజీవుల సహజజ్ఞానం అంటూ దండం పెట్టాలనుకునేవాళ్లు ఆ దండం దాచుకోవచ్చు. ఇందులో ఉన్నది ఓపిక. ఆ పాటి ఓపిక పైనున్నవాళ్లకు లేకపోయింది, అంతే.

జెట్టీ ఇంజినీరు ప్రేమ్‌కుమార్ రాజమండ్రి వైపు మనిషి. చెడ్డవాడు కాదు. అతని గదిలో గోడంత చార్టు ఉంది. అందులో లెక్క ఇలా ఉంది: మే నెలలో స్లాబు ఆరు ముక్కలు పోశాం, ఇంకా ఇరవై రెండు ముక్కలున్నాయి, నెలకు ఆరు చొప్పున దీపావళికి అయిపోవాలి. లెక్కలో తప్పు లేదు, తప్పంతా మే నెలలో ఉంది. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు అరవై ఒక్క రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో గుల్లపేట మగాళ్లంతా జెట్టీ మీద తట్టలు మోస్తారు. అరవై రెండో రోజున పడవలెక్కుతారు. ఆగస్టు వచ్చేసరికి సగం మంది అహ్మదాబాదు రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిపోతారు, అక్కడి పెద్ద బోట్ల మీద తొమ్మిది నెలలు వేట చేసి మే నెలలో వస్తారు. ఊరు ఖాళీ అయ్యాక నెలకు రెండు ముక్కలు పడితే గొప్ప. ప్రేమ్‌కుమార్ నిషేధపు నెల వేగాన్ని పట్టుకుని ఏడాదంతా పరిచాడు. పెళ్లినాటి భోజనం చూసి ఆ ఇంట్లో రోజూ అంతే వండుతారనుకోవడం లాంటిది.

జూలై మొదట్లో ఒకనాడు అతను స్లాబు చూడటానికి వస్తే నూకమ్మ గొట్టం పక్కన పెట్టి అడిగింది.

“బాబూ, పాపని టెక్కల్లో బడికేసినారంట?”

“అవును. రెండో తరగతి.”

“పరీచ్చలెప్పుడో?”

“ఏప్రిల్లో.”

“మరి దీపాలికి పనైపోతే ఏప్రిల్ దాకా ఇక్కడ కూకుని ఏటి సేత్తారు?”

ప్రేమ్‌కుమార్ అటూ ఇటూ చూశాడు. “పైకి అనకు నూకమ్మా” అన్నాడు మెల్లగా. “నువ్వెప్పటికి అంటావు?”

“వొచ్చే నిషేదానికి. మేలో.”

అతను కాదనలేదు.

ఈ సంభాషణ మామూలు రోజుల్లో అయితే నవ్వుకుని మరిచిపోయేదే. ఆ నెల మామూలుది కాదు. నూకమ్మ అల్లుడు రాజు వెరావల్ వెళ్లాలా, ఉండాలా అన్నది జెట్టీ తేదీ మీద ఆగి ఉంది.

రాజు ఆరేళ్లుగా వెరావల్ వెళ్తున్నాడు. బోటు నడపడంలో మంచి చెయ్యి. కిందటి మే నెలలో ఇంటికి వచ్చినప్పుడు మూడేళ్ల కూతురు సంజన తలుపు చాటు నుంచి చూసి, “అమ్మా, మావెవరో వొచ్చినాడు” అంది. ఇంటికి వచ్చే ప్రతి మగవాడినీ ఆ పిల్ల మావ అనే పిలుస్తుంది. పక్కనున్నవాళ్లు విరగబడి నవ్వారు. రాజూ నవ్వాడు. నూకమ్మ కూతురు రాణి మాత్రం నవ్వలేదు. ఆ రాత్రే మొగుడితో తేల్చి చెప్పింది, ఇంకోసారి వెళితే తిరిగొచ్చాక నిన్ను నేనూ మావా అనే పిలుస్తానని.

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే సురేష్ జూన్‌లో ఒక మాట అన్నాడు. దీపావళికి జెట్టీ అయితే ఇక్కడికే పెద్ద మరబోటు తెస్తాను, నడపడానికి రాజు కావాలి అని. జెట్టీ లేకుండా ఆ బోటు ఈ ఇసుక ఒడ్డున ఆగదు. అంటే రాణికి మొగుడు, సంజనకి నాన్న, రెండూ ఇరవై రెండు స్లాబు ముక్కల అవతల ఉన్నాయి.

వెరావల్ ఏజెంటు ఏటా జూలై మూడో ఆదివారం ఊరికి వస్తాడు. పెద్దలు పడవల దగ్గర కూర్చుంటారు. వెళ్లేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఒడ్డున ఉన్న పడవకు కట్టిన మోకుతాడు పట్టుకుని వస్తానంటారు. మోకు పట్టినవాడు ఆగకూడదు. పట్టనివాడికి ఆ ఏడాది అక్కడ చోటు ఉండదు, ఏజెంటు సాయంత్రం ఆటోలో మందస వెళ్లి మిగతా చోట్లు అక్కడివాళ్లకు ఇచ్చేస్తాడు. ఈసారి ముప్ఫై ఒక్కమంది తేల్చుకోలేక ఉన్నారు. సురేష్ బోటు తెస్తే ఇంకో ఇద్దరు ముగ్గురు వ్యాపారులూ తెస్తారన్న ఆశ. అందరూ ఒకటే అనుకున్నారు, ఆదివారం నాడు నూకమ్మనడుగుదాం అని.

శుక్రవారం ప్రేమ్‌కుమార్ ఆమెను పిలిచాడు.

“ఎల్లుండి నిన్ను అడుగుతారట. దీపావళి అని చెప్పు.”

“అవదు కదా బాబూ.”

“ఎందుకవదు? మనుషులు వెళ్లిపోతారు కాబట్టి అవదు. ఎందుకు వెళ్లిపోతారు? అవదని నువ్వంటావు కాబట్టి. వాళ్లుంటే పని నడుస్తుంది. ఆలస్యం ఎక్కడుందో తెలుసా? నీ నోట్లో ఉంది.”

నూకమ్మ ఆ మాటను ఇంటిదాకా మోసుకెళ్లింది. అతను స్వార్థంతో అన్నాడని ఆమెకు తెలుసు. అయినా అబద్ధమాడాడని అనలేకపోయింది. ఇన్నేళ్లూ ఆమె వానను లెక్కపెట్టినట్టు మనుషులనూ లెక్కపెట్టింది. వానకు చెవులుండవు, ఆమె మాట విని రావడం మానదు. గుల్లపేట వాళ్లు వింటారు. మందసలో ట్యాంకు గురించి ఏం చెప్పినా ట్యాంకుకు పోయేదేం లేదు. ఇక్కడ ఆమె మే అంటే మే అవుతుంది. దీపావళి అంటే దీపావళి అవదు గానీ, మే కూడా అవదు. ముప్ఫైమంది ఉంటే నెలకు మూడు ముక్కలు పడతాయి, ఫిబ్రవరి ఆఖరుకు అవుతుంది. ఆ మాటే చెప్పచ్చు కదా అంటే, సురేష్ అడిగింది దీపావళి. ఫిబ్రవరి అన్న మరుక్షణం ముప్ఫై ఒక్కమందీ మోకు పట్టుకుంటారు.

శనివారం మధ్యాహ్నం రాణి చేపలు తోముతూ, తల ఎత్తకుండా అంది.

“అమ్మా, ఒక్కపాలి అబద్దం సెప్పు.”

“సెప్తే ఆలకి సీజను పోద్ది కదే. ముప్పైమందే.”

“ఆల సంగతి నాకేల? ఆల పెళ్లాలు ఏడుత్తన్నారేటి? ఆలూ ఉండమనే అంటన్నారు. ఊరందరికీ తేదీలు సెప్తావు, నా కాడికొచ్చేసరికి దరమరాజువైపోతావు.”

“నాను సెప్పినదాన్ని నమ్మి...”

“నమ్ముతారనే కదా సెప్పమంతన్నాను!”

ఆ సాయంత్రం నూకమ్మ సైటుకి వెళ్లింది. పని లేదు, ఆ రోజు కూడా ముడి పడే రోజే. దారం చేతిలోకి తీసుకుంది. మార్చి నుంచి యాభై తొమ్మిది ముళ్లున్నాయి. ఒక చివర పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత అరవయ్యోది వేసి ఇంటికి వచ్చేసింది.

ఆదివారం పడవల దగ్గర జనం గుమిగూడారు. ఏజెంటు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. పెద్దల్లో ఒకాయన, “నూకమ్మా, సెప్పు” అన్నాడు.

“దీపాలికి అయిపోద్ది” అంది నూకమ్మ.

ఎవరో ఈల వేశారు. చిన్నారావు అని ఒకడున్నాడు, నోటి దురుసు మనిషి, రెండేళ్లు వెరావల్‌లో రాజుతో కలిసి పనిచేసినవాడు. వాడు ఏజెంటు వైపు తిరిగి, “బాబూ, టీ తాగి బయల్దేరు. మందస ఆటో దొరుకుద్ది” అన్నాడు. అందరూ నవ్వారు. మోకు దగ్గరికి ఎవరూ కదల్లేదు.

అప్పుడు రాజు లేచాడు. నడిచివెళ్లి మోకు పట్టుకున్నాడు.

“ఏట్రా, మీ అత్త మాట నీకే నమ్మకం నేదేటి?” అని అరిచాడు చిన్నారావు.

“నమ్మకం ఉన్నాది. నాను అక్కడి ఓనరుకి ఫోన్లో ముందే ఒప్పేసుకున్నాను. మాట పోద్ది” అన్నాడు రాజు. మాట పట్టింపు గల మనిషని నలుగురూ తల ఊపారు. మిగతా ముప్ఫైమందీ ఉండిపోయారు.

ఇంటికి వచ్చాక రాణి గిన్నెలు విసిరింది. ఆ చప్పుడు తగ్గాక రాజు అత్తతో అన్నాడు.

“నాను ఏ ఫోనూ సెయ్యనేదు. నిన్న పొద్దుగూకినాక డ్రమ్ము కాడికెల్లి ముళ్లు నెక్కెట్టినాను. అరవై. మే దాకా అవదు. నువ్వు నేర్పిన నెక్కే కదా అత్తా.”

“మరి అందరి ముందూ సెప్పనేదేం?”

“ఊరందరి ముందూ నిన్ను అబద్దాలకోరుని సెయ్యమంతావేటి? ఇంక నీ మాట ఎవడింటాడు?”

నూకమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడే వెళ్లి నిజం చెప్పేస్తే సరి. దూరంగా ఏజెంటు ఎక్కిన ఆటో తోటల మధ్య నుంచి మలుపు తిరుగుతోంది. పరిగెత్తితే అందేదే. కానీ ముప్ఫై ఇళ్లలో ఆ సాయంత్రం పండగలా ఉంది. కోడి కూర వాసన వస్తోంది. ఎవరి పెళ్లామో పెద్దగా నవ్వుతోంది. నూకమ్మ గుమ్మం దాటలేదు. ఎవరి కోసం అబద్ధం చెప్పిందో వాడొక్కడు వెళ్తున్నాడు. ఎవరి కోసం చెప్పలేదో వాళ్లంతా ఉండిపోయారు. దీన్ని విధి అని సరిపెట్టుకునేవాళ్లున్నారు, నూకమ్మ సరిపెట్టుకోలేదు. తాను చేసిన పని అని ఆమెకు తెలుసు.

రాజు ఆగస్టు అయిదున పలాసలో రైలెక్కాడు.

తర్వాతి రోజుల్లో ఆమెకు జెట్టీయే జైలు. ముప్ఫైమందీ పగలు సముద్రంలోకి వెళ్లనప్పుడల్లా అక్కడే పనిచేసేవారు. సెప్టెంబరులో మూడు ముక్కలు పడ్డాయి. అక్టోబరులో తుపాను వచ్చి రెండే పడ్డాయి. నూకమ్మ ఎప్పుడూ లేనిది మిక్సరు వాడి వెంటపడి, ట్యాంకరు డ్రైవరుకి ఫోన్లు చేసి, మేస్త్రీతో గొడవపడి, తన అబద్ధాన్ని నిజం చేయాలని చూసింది. గోనెసంచి తడిపే మనిషి మాట మీద సిమెంటు లారీలు కదలవు.

దీపావళి వచ్చింది. జెట్టీ మీద పిల్లలు టపాసులు కాల్చారు. పదమూడు ముక్కలు ఇంకా మిగిలే ఉన్నాయి, ఇనపచువ్వలు సముద్రం వైపు చాచుకుని ఉన్నాయి.

ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. అంతకంటే ఎక్కువే చేశారు. ఊళ్లో ఒక మాట పుట్టింది. ఎవడైనా వస్తాననీ ఇస్తాననీ తప్పించుకుంటే, “ఎప్పుడు, నూకమ్మ దీపాలికా?” అనడం మొదలైంది. మొదలుపెట్టింది చిన్నారావే. రోజూ తట్ట మోసుకుంటూ ఆమె పక్కనుంచే వెళ్లేవాడు.

“పిన్నీ, మద్దాన్నం అన్నానికి ఎప్పుడొగ్గుతారో? దీపాలికా?”

“నోరు ముయ్యరా.”

“ముయ్యమంటే మూసేత్తాను. తేదీ సెప్పు.”

ఆమె గొట్టం నీళ్లు వాడి కాళ్ల మీదికి తిప్పేది. వాడు గెంతేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. ఆ నవ్వులో కోపం ఎంతుందో నూకమ్మ కొలుచుకునేది. దానికి ముళ్లు లేవు.

ఫిబ్రవరి ఆఖరున చివరి ముక్క పడింది. ఆమె మనసులో వేసుకున్న లెక్క మూడు రోజుల తేడాతో నిజమైంది. దానికి సాక్షి ఎవరూ లేరు. పైఆఫీసు వాళ్లు వచ్చి, స్థానికుల సహకారంతో త్వరగా పూర్తిచేశారని ప్రేమ్‌కుమార్‌ను మెచ్చుకున్నారు. అతను నూకమ్మ వైపు చూడలేదు.

మార్చిలో సురేష్ బోటు తెచ్చాడు. దీపావళి గడువు అతనూ మరిచిపోయాడు, లేదా కళ్ల ముందు పని నడుస్తుంటే ఆగాడు. వెంటనే రాజుకి ఫోను చేశాడు. రాజు అరేబియా సముద్రంలో ఉన్నాడు. మూడు రోజులకు ఒడ్డుకు చేరి తిరిగి ఫోను చేశాడు. “మోకు పట్టినాను బాబూ. మే దాకా కదలకూడదు. అత్త దారం ప్రకారం జెట్టీ మేలో కదా అవ్వాలి?” అన్నాడు. బోటు మే దాకా ఖాళీగా ఆగదు. నడపడం వచ్చినవాడు ఊళ్లో ఎవడున్నాడని సురేష్ వెతికాడు. చిన్నారావు ఉన్నాడు.

అబద్ధాన్ని నమ్మినవాడికి బోటు దొరికింది. లెక్క సరిగ్గా చదివినవాడు నష్టపోయాడు. ముప్ఫైమంది ఉండిపోయారు కాబట్టే రాజు లెక్క తప్పింది. వాళ్లు ఉండిపోయింది అతను నోరు విప్పలేదు కాబట్టే.

రాజు మే నెలలో వచ్చాడు. సంజన ఈసారి మావ అనలేదు. ఫోనులో వీడియో చూపించి రాణి నేర్పించింది. దూరం నుంచే నాన్న అంది. దగ్గరకు రావడానికి నాలుగు రోజులు పట్టింది.

మళ్లీ జూలై మూడో ఆదివారం వచ్చింది. ముందురోజు రాణి తల్లి పక్కన కూర్చుంది. ఇద్దరి మధ్యా ఏడాదిగా అవసరమైన మాటలే.

“అమ్మా, కిందటేడు ఇదే శనివారం డ్రమ్ము కాడికెల్లినావు కదా?”

“ఎల్లినాను.”

“ముళ్లు ఇప్పేసుంటే సరిపోను కదే. ఒక పది ఇప్పేసుంటే ఆడూ నమ్మీవోడు.”

“అందుకే ఎల్లినాను.”

“మరి?”

నూకమ్మ తన వేళ్ల వైపు చూసుకుంది. నీళ్లలో నాని ఏళ్ల తరబడి చర్మం ముడతలు పడిపోయింది. “రానేదు” అంది. “సెయ్యి రానేదే.”

 మర్నాడు రాజు ఎవరినీ అడగకుండా మోకు పట్టుకున్నాడు.

ఇప్పుడు జెట్టీ పక్కనే ఐసు ఫ్యాక్టరీ కడుతున్నారు. నూకమ్మ అక్కడ నీళ్లు కొడుతోంది. ఐసు ఫ్యాక్టరీ అయితే రెండో బోటు తెస్తానని సురేష్ అన్నాడు. ఆ బోటు రాజుదే అని కూడా అన్నాడు. కొత్త బోర్డు పెట్టారు, రంగు ఇంకా ఒక్క పూతే ఉంది.

ఆగస్టులో బయల్దేరే రోజు ఉదయం రాజు భుజాన సంచి వేసుకుని సైటుకి వచ్చాడు. ఆటో రోడ్డు మీద హారను కొడుతోంది.

“అత్తా, నానెల్లొత్తాను.”

“జాగర్త నాయినా.”

అతను కట్టుబడి గోడల వైపు ఒకసారి చూశాడు. “ఇదెప్పటికవుద్ది?”

నూకమ్మ గొట్టం వదల్లేదు. “బోర్డు మీద రాసున్నాది కదా” అంది. “సదువుకో.”

రాజు బోర్డు వైపు తల తిప్పలేదు. సంచి కిందపెట్టి, డ్రమ్ము వెనక్కి వెళ్లి, దారం చేతిలోకి తీసుకున్నాడు. ఆటోవాడు మళ్లీ హారను కొట్టాడు. రాజు పెదాలు కదుపుతూ మొదటి ముడి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.